సొంత మాట దొరికే దాకా: జిడ్డు కృష్ణమూర్తి తొలి రచనల్లో పరిణతి క్రమం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కష్టాలు యువతను పరిణతి వైపు నడిపిస్తాయన్న భావన మన సాహిత్యవిమర్శలో తరచుగా కనిపిస్తుంది. ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి (1895–1986) తొలి రచనల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1910లో వెలువడిన ‘ఎట్ ద ఫీట్ ఆఫ్ ద మాస్టర్’, 1913 నాటి అసంపూర్ణ స్వీయచరిత్ర, 1927–31 మధ్య వచ్చిన కవితాసంపుటాలు, 1929 నాటి ఓమెన్ ప్రసంగం ఇందుకు ముఖ్యాధారాలు. అనుభవం దానంతటది పరిణతిని ఇవ్వదని, ఆ అనుభవానికి అర్థం చెప్పే అధికారాన్ని యువకుడు ఇతరుల నుంచి తిరిగి తీసుకున్నప్పుడే పరిణతి మొదలవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ క్రమంలో ఆయన కోల్పోయిన మాతృభాష గురించి కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: జిడ్డు కృష్ణమూర్తి, మదనపల్లె, పరిణతి, స్వీయచరిత్ర, ఎలిజీ, మాతృభాష, రిషివ్యాలీ.

1. ఉపోద్ఘాతం:

‘కష్టాలే మనిషిని తీర్చిదిద్దుతాయి’ అనే మాట పాఠ్యపుస్తకాల్లోనూ సన్మానసభల్లోనూ తరచుగా వినిపిస్తుంది. సాహిత్యవిమర్శ కూడా దీన్ని పెద్దగా ప్రశ్నించలేదు. కథానాయకుడు బాల్యంలో తల్లిని కోల్పోతాడు, పేదరికం అనుభవిస్తాడు, అవమానాలు పడతాడు, చివరకు గొప్పవాడవుతాడు. మొదటి మూడూ కారణాలని, నాలుగోది ఫలితమని విమర్శకులు రాస్తారు. అయితే అవే కష్టాలు పడి నలిగిపోయినవారు ఎందరో ఉన్నారు. వారి విషయంలో ఈ సూత్రం ఎందుకు పనిచేయలేదన్నది సమాధానం రావలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి కృష్ణమూర్తి తొలిజీవితం, తొలి రచనలు తగిన ఆధారం. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, బాల్యం నుంచి ముప్పైనాలుగో ఏట వరకు ఆయన మానసికస్థితిని తెలిపే రచనలు వరుసగా లభిస్తున్నాయి. రెండోది, ఆయన అనుభవాలకు అర్థం చెప్పడానికి ఆయన చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు సిద్ధంగా ఉన్నారు. ఇతరులు చెప్పిన అర్థం నుంచి తన అర్థం దాకా ఒక యువకుడు ఎలా నడిచాడో ఈ రచనల్లో అడుగడుగునా గుర్తించవచ్చు. కృష్ణమూర్తిని తత్త్వవేత్తగా అంచనా వేయడం ఈ వ్యాసం పరిధిలోకి రాదు. ఒక యువరచయితగా ఆయన భాషలో వచ్చిన మార్పే ఇక్కడ పరిశీలనాంశం.

2. తెలుగు నవలలో యువకుడి ఎదుగుదల:

ఒక యువకుడు అనుభవాల గుండా ఎదిగే క్రమాన్ని చిత్రించే నవలను పాశ్చాత్య విమర్శకులు ‘బిల్డుంగ్స్‌రోమాన్’ అన్నారు. 1795–96లో వెలువడిన గెథే నవల ‘విల్హెల్మ్ మైస్టర్ శిక్షణకాలం’ ఈ ప్రక్రియకు ఆదిరూపంగా ప్రసిద్ధి పొందింది. ఇల్లు విడిచిన యువకుడు లోకాన్ని చూసి, పొరపాట్లు చేసి, చివరకు సమాజంలో తన చోటు తెలుసుకోవడం ఈ నవలల సామాన్యలక్షణం.

తెలుగులో మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ ఈ ప్రయాణాన్ని హాస్యధోరణిలో చూపింది. 1940ల దశకంలో వచ్చిన రెండు నవలలు మరింత లోతుకు వెళ్ళాయి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని తల్లి గురించి లోకం చెప్పుకొనే మాటలు వెంటాడతాయి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావును వంశప్రతిష్ఠ అనే మాట పట్టి పీడిస్తుంది. వీరిద్దరూ కష్టాలు పడ్డవారే. అయితే వారి మీద అసలు బరువు కష్టాలది కాదు, ఆ కష్టాల చుట్టూ ఇతరులు అల్లిన మాటలది. సీతారామారావు ఆ మాటల కిందే పతనమయ్యాడు. 1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’లో విశ్వవిద్యాలయ విద్యార్థి రవి ఒక్కరోజు ఆలోచనాస్రవంతి కూడా ఈ బరువు కింద నలిగే మనసునే చూపుతుంది.

ఈ నవలలను కలిపి చదివితే యువకుడి పరిణతిని అతడు పడ్డ కష్టాల లెక్కతో కొలవలేమని తెలుస్తుంది. తన అనుభవానికి పేరు పెట్టే హక్కు ఎవరి చేతిలో ఉంది? అసలు కొలమానం ఈ ప్రశ్నే. కల్పిత పాత్రల్లో కనిపించిన ఈ ప్రశ్న ఒక చారిత్రకవ్యక్తి రచనల్లో ఎలా పరిష్కారమైందో ఇప్పుడు చూద్దాం.

3. బాల్యం – వియోగాలు, అనారోగ్యం, బడి దెబ్బలు:

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించారు. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. తండ్రి నారాయణయ్య రెవెన్యూశాఖ ఉద్యోగి, దివ్యజ్ఞానసమాజ సభ్యుడు. తల్లి సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కనుక దేవకి అష్టమగర్భాన పుట్టిన కృష్ణుడి పేరు పెట్టారు.

పసితనంలోనే కడపలో మలేరియా సోకింది. ఆ జ్వరాలు ఏళ్ళ తరబడి వదలలేదు, చదువు సాగలేదు. 1904లో అక్క మరణించింది. 1905 డిసెంబరులో తల్లి మరణించింది. అప్పటికి బాలుడికి పదేళ్ళు. 1907 చివర తండ్రి ఉద్యోగవిరమణ చేసి, 1909 జనవరిలో పిల్లలతో మద్రాసు అడయారుకు చేరాడు. మైలాపూరు బడిలో ఈ పిల్లవాడు పాఠం అప్పజెప్పలేక తరచుగా దెబ్బలు తినేవాడు. ఉపాధ్యాయుల దృష్టిలో అతడు మందబుద్ధి.

ఈ బాల్యాన్ని ‘కష్టాలు తీర్చిదిద్దుతాయి’ అనే సూత్రంతో చదివితే పద్నాలుగేళ్ళకు అతడిలో ఏదో ఒక పరిణతి కనిపించాలి. అలాంటిదేమీ కనిపించదు. దిగులు, మౌనం, శూన్యదృష్టి మాత్రమే కనిపిస్తాయి. ఇన్ని దెబ్బలు అతడిని తీర్చిదిద్దలేదు, మాట లేనివాణ్ణి చేశాయి. ఆ మౌనంలోకి ఇతరుల మాటలు సులువుగా ప్రవేశించాయి.

4. అరువు మాట – 1910 నాటి పుస్తకం:

1909లో అడయారు సముద్రతీరంలో సి.డబ్ల్యు. లెడ్‌బీటర్ ఈ బాలుణ్ణి చూసి, రాబోయే జగద్గురువుకు వాహకం కాగలవాడని ప్రకటించాడు. బడిలో మందబుద్ధి అన్న లోకమే ఇప్పుడు మహాత్ముడంది. రెండు మాటలూ బయటివే. రెండింటిలోనూ అతడి ప్రమేయం లేదు.

1910లో ‘ఎట్ ద ఫీట్ ఆఫ్ ద మాస్టర్’ (గురుపాదాల చెంత అని దీని భావం) వెలువడింది. ముఖపత్రంపై రచయిత పేరు ‘ఆల్సియోన్’. ఆంగ్లం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న బాలుడు ఈ పుస్తకాన్ని రాయగలడా అనే సందేహం అప్పటి నుంచే ఉంది. ఆ వివాదం ఎలా ఉన్నా, ఈ మాటలు తనవి కావని, బోధించిన గురువువని ముందుమాటలోనే బాలుడు చెప్పడం విశేషం. విమర్శకుడికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అవసరం లేదు.

పుస్తకనిర్మాణం కూడా దీన్నే బలపరుస్తుంది. వివేకం, వైరాగ్యం, సత్ప్రవర్తన, ప్రేమ అనే నాలుగు అర్హతలపై ఇది సాగుతుంది. మన వేదాంత గ్రంథాల్లోని సాధనచతుష్టయానికి ఇది అనుసరణ. శమాదిషట్కం సత్ప్రవర్తనగా, ముముక్షుత్వం ప్రేమగా మారాయి. వాక్యాలు సూటిగా, విధివాక్యాలుగా ఉంటాయి. ఏం చేయాలో, ఏం చేయకూడదో చెబుతాయి. ఇందులో తల్లి లేదు, జ్వరం లేదు, మైలాపూరు బెత్తం లేదు. పద్నాలుగేళ్ళ పిల్లవాడి పేరుతో వచ్చిన పుస్తకంలో ఆ పిల్లవాడి అనుభవం ఒక్కటీ లేకపోవడం గమనించదగ్గది. పరిణతి చెందిన మాట ఉంది, పరిణతి చెందిన మనిషి ఇంకా లేడు.

5. వ్యాజ్యం – వినిపించని గొంతు:

తమ పిల్లల సంరక్షణను నారాయణయ్య 1910లో అనీబిసెంట్‌కు అప్పగించాడు. తరువాత భయపడి, వారిని తిరిగి తనకు అప్పగించాలని 1912లో దావా వేశాడు. మద్రాసు హైకోర్టు 1913లో తండ్రి పక్షాన తీర్పు ఇచ్చింది. అనీబిసెంట్ లండన్‌లోని ప్రీవీకౌన్సిల్‌కు వెళ్ళారు. 1914లో ఆ తీర్పు రద్దయింది. కృష్ణమూర్తి, తమ్ముడు నిత్యానంద అప్పటికే ఇంగ్లండులో ఉన్నారు. ఆ పిల్లల తరఫున ఎవరూ వాదించలేదని, వారి ఇష్టాన్ని తెలుసుకోలేదని ప్రీవీకౌన్సిల్ ఎత్తిచూపింది.

ఇది న్యాయసూత్రానికి సంబంధించిన విషయమైనా సాహిత్యవిద్యార్థికి కూడా ముఖ్యమే. తండ్రి మాట్లాడాడు, సంరక్షకురాలు మాట్లాడింది, ఇద్దరి న్యాయవాదులూ మాట్లాడారు. ఎవరి గురించి ఈ మాటలన్నీ నడిచాయో ఆ యువకులకు మాట్లాడే చోటు లేకపోయింది. ఇంగ్లండులో చదువు కూడా కలిసిరాలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రవేశం దొరకలేదు. లండన్ మెట్రిక్యులేషన్ పరీక్షలో కృష్ణమూర్తి పలుమార్లు తప్పారు. తమ్ముడు మాత్రం చదువులో ముందుకు సాగాడు.

6. తొలి సొంత వాక్యం – 1913:

వ్యాజ్యం నడుస్తున్న 1913లోనే, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఫ్రాన్సులో వేసవి గడుపుతూ కృష్ణమూర్తి స్వీయచరిత్ర రాయడం మొదలుపెట్టారు. దానికి ‘ఫిఫ్టీ ఇయర్స్ ఆఫ్ మై లైఫ్’ అని పేరు పెట్టుకున్నారు. పద్దెనిమిదేళ్ళవాడు యాభై ఏళ్ళ జీవితానికి పేరు పెట్టడం చదువరికి చిరునవ్వు తెప్పించవచ్చు. ఏటేటా చేర్చుకుంటూ పోవాలన్నది ఆయన ఉద్దేశం. అది కొద్ది పుటల దగ్గరే ఆగిపోయింది. మేరీ లట్యెన్స్ రాసిన జీవితచరిత్ర ద్వారా అందులోని భాగాలు పాఠకులకు తెలిశాయి.

ఈ పుటల్లో మొదటిసారిగా బాల్యం కనిపిస్తుంది. తల్లి మరణం తరువాత ఆమె రూపం మేడమెట్లు ఎక్కుతుంటే వెంట వెళ్ళానని, చీర పట్టుకోబోతే మాయమైందని రాశారు. బడికి వెళ్ళేటప్పుడు వెనుక తల్లి నడిచివస్తున్నట్లు గాజుల చప్పుడు వినిపించేదని కూడా రాశారు. 1910 పుస్తకంలోని విధివాక్యాలతో పోల్చితే ఇది పూర్తిగా వేరే గొంతు. ఇక్కడ ఉపదేశం లేదు. పదేళ్ళ పిల్లవాడు విన్న ఒక శబ్దం ఉంది. తల్లి మరణానికి అర్థం చెప్పే ప్రయత్నం కూడా లేదు. పరిణతికి తొలి గుర్తుగా ఈ భాగాన్ని స్వీకరించవచ్చు.

అయితే ఇక్కడ మరొక సూక్ష్మాంశం ఉంది. గాజులను ప్రస్తావించిన చోట, అవి భారతీయ స్త్రీలు చేతులకు ధరించేవని ఆయన వివరణ చేర్చారు. తెలుగులో రాసి ఉంటే ఆ వివరణ అవసరమే ఉండేది కాదు. ‘అమ్మ గాజుల చప్పుడు’ అంటే చాలు, చదువరి చెవికి అది వినిపిస్తుంది. సొంత అనుభవం మాటగా మారిన క్షణంలోనే, ఆ మాట పరాయి చదువరికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఈ అంశాన్ని తొమ్మిదో భాగంలో మళ్ళీ చర్చిస్తాను.

7. తమ్ముడి మరణం – దుఃఖం కవిత్వమైన తీరు:

కృష్ణమూర్తి జీవితంలో అత్యంత తీవ్రమైన ఘటన 1925 నవంబరులో జరిగింది. క్షయతో బాధపడుతున్న నిత్యానంద కాలిఫోర్నియాలోని ఓహాయిలో మరణించాడు. భారతదేశానికి వస్తున్న కృష్ణమూర్తికి ఓడలో ఆ వార్త అందింది. తమ్ముడి ప్రాణానికి ముప్పు లేదని, జరగబోయే మహాకార్యానికి అతడు అవసరమని గురువుల పేరిట అందిన హామీని ఆయన నమ్మారు. కాబట్టి ఈ మరణంతో తమ్ముడితో పాటు ఒక నమ్మకం కూడా పోయింది. పదేళ్ళ వయసులో తల్లిపోయినప్పుడు లేని ప్రశ్న ఇప్పుడు పుట్టింది. తన దుఃఖానికి ఇంతకాలం ఇతరులు చెప్పిన అర్థం సరైనదేనా?

1927లో ‘ద సెర్చ్’, 1928లో ‘ది ఇమ్మోర్టల్ ఫ్రెండ్’, 1931లో ‘ద సాంగ్ ఆఫ్ లైఫ్’ వెలువడ్డాయి. కవిత్వంగా వీటిలో బలహీనతలున్నాయి. సంబోధనలు ఎక్కువ, కొండలు, నదులు, నక్షత్రాలు పదేపదే వస్తాయి. ప్రియతముణ్ణి వెదికే భక్తికవిత్వ ధోరణి కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఠాగూరు ఆంగ్లానువాదాల ద్వారా ఇలాంటి వచనగేయశైలి విస్తృతంగా ప్రచారంలో ఉంది. కృష్ణమూర్తి దానికి పూర్తిగా వెలుపల లేరు.

అయినా ‘ద సాంగ్ ఆఫ్ లైఫ్’లో తమ్ముడి మరణంపై ఉన్న కవిత ప్రత్యేకమైనది. ఎదురైన ప్రతి ముఖంలో తమ్ముణ్ణి వెదకడం, కనిపించినవారినల్లా అడగడం, ప్రార్థించినా దేవతలు పలకకపోవడం అందులో వరుసగా వస్తాయి. చివరకు హృదయనాథుడిలో తమ్ముడి ముఖం చూడటంతో కవిత ముగుస్తుంది. ముగింపు సంప్రదాయబద్ధమే. మధ్యలో ఉన్న దేవతల మౌనం మాత్రం సంప్రదాయంలో నుంచి అరువు తెచ్చుకున్నది కాదు. 1910లో గురువు చెప్పగా రాసుకున్నవాడు 1931లో పిలిచినా ఎవరూ పలకలేదని రాయగలిగాడు. తెలుగులో ఎలిజీని స్మృతికావ్యం అంటున్నాం. పోయినవారిని కీర్తించడంతో ఆగక, బతికినవారి నమ్మకాలను కూడా పరీక్షకు పెట్టినప్పుడు స్మృతికావ్యం బలపడుతుంది. ఈ కవిత ఆ పని చేసింది.

8. 1929 – తిరస్కారభాష:

1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్ శిబిరంలో, తన కోసం స్థాపించిన ‘ఆర్డర్ ఆఫ్ ద స్టార్’ సంస్థను కృష్ణమూర్తి రద్దు చేశారు. అప్పటికి ఆయన వయసు ముప్పైనాలుగు. సత్యాన్ని ఏ సంస్థా ఒక మార్గంగా కట్టి ఇవ్వలేదన్నది ఆ ప్రసంగసారం. తత్త్వచరిత్రలో దీని ప్రాధాన్యం గురించి చాలామంది రాశారు. భాషాపరంగా రెండు అంశాలు చెప్పుకోవాలి.

మొదటిది, ప్రసంగాన్ని ఆయన ఒక చిన్న కథతో ఆరంభించారు. దారిన పోతున్న మనిషి సత్యపు తునకను ఏరుకుంటాడు. అది చూసిన సైతాను ఏమాత్రం కలత చెందడు, ఆ సత్యాన్ని సంస్థగా మార్చేలా చేస్తానంటాడు. అత్యంత గంభీరసందర్భంలో సిద్ధాంతాన్ని పక్కనపెట్టి, చమత్కారమైన కథను ఎన్నుకోవడం ఆత్మవిశ్వాసానికి గుర్తు. రెండోది, 1910 పుస్తకంలోని ‘నావి కావు ఈ మాటలు’ అనే స్థితి ఇక్కడ తలకిందులైంది. చెప్పినదానికి పూర్తి బాధ్యత చెప్పినవాడిదే అయింది. పందొమ్మిదేళ్ళలో ఆయన దాటిన దూరం ఇదే.

ఈ దూరాన్ని కష్టాల సంఖ్యతో వివరించలేం. 1905 నాటి దుఃఖం 1925 నాటి దుఃఖం కంటే చిన్నది కాదు. మొదటిది మౌనాన్ని మిగిల్చింది, రెండోది మాటను ఇచ్చింది. మధ్యలో ఆయన రాయడం నేర్చుకున్నారు, తన రాతను అనుమానించడం నేర్చుకున్నారు, పక్కనే తమ్ముడి రూపంలో మనసు విప్పి మాట్లాడదగిన తోడు ఉంది. అనుభవం, దాన్ని చెప్పుకొనే భాష, వినే మనిషి అనే మూడూ కలిసినప్పుడే పరిణతికి వీలు కలిగింది.

9. మలినాటి ‘అతడు’ – పోయిన తెలుగు:

డెబ్బై ఎనిమిదో ఏట, 1973లో కృష్ణమూర్తి మొదలుపెట్టిన దినచర్య తరువాత ‘కృష్ణమూర్తీస్ జర్నల్’గా 1982లో అచ్చయింది. అందులో తనను ‘అతడు’ అని ప్రథమపురుషలో చెప్పుకున్నారు. నది ఒడ్డున, చెట్ల కింద ఏ ఆలోచనా లేకుండా నిలబడే ఒక పిల్లవాడు అక్కడక్కడా కనిపిస్తాడు. 1913లో ‘నేను’గా తల్లి గాజులు విన్న బాలుడే 1973లో ‘అతడు’గా మారాడు. దీన్ని అహంకారరాహిత్యంగా వివరించవచ్చు. ఆ వివరణ సమంజసమే. అయితే మరో కోణం కూడా ఉంది. ఆ బాలుడు బతికిన భాష తెలుగు. వృద్ధుడు రాస్తున్న భాష ఆంగ్లం. ఇంగ్లండు వెళ్ళిన తరువాత కృష్ణమూర్తి తెలుగును మరిచిపోయారన్నది ఆయన జీవితచరిత్రల్లో నమోదైన విషయం. తల్లితో మాట్లాడిన భాష ఆయనకు మిగలలేదు. ఆ భాషలో ‘నేను’ అనే మాట లేనప్పుడు ఆ బాలుడు ‘అతడు’గానే మిగలడంలో ఆశ్చర్యం లేదు.

ఆయన పరిణతికి సంబంధించిన లెక్కలో ఇది రావలసిన పద్దు. ఇతరుల మాటల నుంచి సొంత మాట సాధించిన మనిషి, తన మొదటి మాటను కోల్పోయాడు. ఆయన సాధించినదాన్ని ఇది తగ్గించదు. సాధనకు ఎంత ఖర్చయిందో మాత్రం తెలుపుతుంది. మదనపల్లెకు చేరువలో, కురబలకోట మండలంలో ఉన్న రిషివ్యాలీ విద్యాకేంద్రానికి ఆయన పలుమార్లు వచ్చారు. పుట్టిన ఊరికి అంత దగ్గరలో కూడా ఆయన ప్రసంగాలు ఆంగ్లంలోనే సాగాయి. వాటిని ఈ ప్రాంతపు పాఠకుల్లో చాలామంది తెలుగు అనువాదాల్లోనే చదువుకోవలసి వచ్చింది.

10. నేటి విద్యార్థికి ఈ అధ్యయనం అవసరం:

పలమనేరు, పుంగనూరు, కుప్పం, మదనపల్లె ప్రాంతాల కళాశాలల్లో చదివే విద్యార్థుల్లో ఇంటి నుంచి మొదటిసారి డిగ్రీకి వచ్చినవారు ఎందరో ఉన్నారు. కన్నడ, తమిళ సరిహద్దుల మధ్య వారి తెలుగుకు ప్రత్యేకమైన యాస, పలుకుబడి ఉన్నాయి. వర్షాధారసేద్యం, ఎండిన బోరుబావి, పాడిపశువుల మీద నడిచే సంసారం, బెంగళూరుకు వలసపోయిన తండ్రి వారి అనుభవాలు. ‘జీవితంలో ఎదుర్కొన్న సవాళ్ళు’ అనే అంశంపై రాయమంటే వారిలో చాలామంది వ్యక్తిత్వవికాసగ్రంథాల వాక్యాలనే అప్పజెబుతారు. సవాలును అవకాశంగా మలచుకోవాలంటారు. వారి బోరుబావి ఆ రాతలో కనిపించదు. 1910 నాటి పుస్తకంలో మలేరియా జ్వరం కనిపించనట్లే ఇది కూడా.

ఇందుకు వారిని తప్పుపట్టలేం. అనుభవానికి తయారుగా ఉన్న అర్థాన్నే మనం మెచ్చుకొని మార్కులు వేస్తున్నాం. తెలుగు తరగతి చేయగలిగిన పని ఒకటుంది. గాజుల చప్పుడు లాంటి ఒక్క వాక్యాన్ని, వివరణ చేర్చనవసరం లేని భాషలో, విద్యార్థి చేత రాయించడం. చిత్తూరు జిల్లా మాండలికంలో మధురాంతకం రాజారాం, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు, కేశవరెడ్డి వంటి రచయితలు సృష్టించిన సాహిత్యం ఇందుకు అందుబాటులో ఉన్న బలమైన ఆధారం. ఇంటి మాటలో రాసింది కూడా సాహిత్యమవుతుందన్న ధైర్యాన్ని అది ఇస్తుంది.

11. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా కింది నిర్ణయాలకు రావచ్చు.

1. తీవ్రమైన అనుభవాలు యువకుణ్ణి పరిణతి వైపు నడిపించవచ్చు, మౌనంలోకి నెట్టవచ్చు. కృష్ణమూర్తి జీవితంలో రెండూ జరిగాయి.

2. 1910, 1913, 1929, 1931 నాటి రచనలను వరుసగా చదివితే, ఆయన పరిణతి ముఖ్యంగా భాషలో కనిపిస్తుంది. అరువు మాట, సొంత జ్ఞాపకం, తిరస్కారం, పలకని దేవతల ముందు నిలిచిన దుఃఖం ఇందులోని దశలు.

3. తెలుగు నవలల్లోని దయానిధి, సీతారామారావు, రవి పాత్రలను కూడా ఈ దృష్టితో పునఃపరిశీలించవచ్చు. లోకం మాట నుంచి వారు ఎంతవరకు విడివడగలిగారన్నది వారి ఎదుగుదలకు సరైన కొలమానం.

4. సొంత మాట సాధించే క్రమంలో మాతృభాష పోవడం అనివార్యమని భావించనవసరం లేదు. కృష్ణమూర్తి విషయంలో అది పరిస్థితుల ఫలితం. నేటి విద్యార్థికి ఆ పరిస్థితి రాకుండా చూడటం తెలుగు బోధకుల చేతిలో కొంతైనా ఉంది.

తల్లి గాజుల చప్పుడు విన్న పిల్లవాడికి, ఆ చప్పుడును విన్నది విన్నట్లు తన భాషలో చెప్పుకొనే అవకాశం దక్కలేదు. ఆ అవకాశం ఈ ప్రాంతపు పిల్లలకు నేటికీ ఉంది. వారి నుంచి రావలసిన సాహిత్యం ఆ అవకాశం మీదే ఆధారపడి ఉంది.